యంత్రం జోడీగా కూర్చున్నప్పుడు: బ్రిడ్జ్ వేలంలో అపార్థాలు ఎక్కడ పుడతాయి

విశాఖపట్నం సీతమ్మధారలో ఒక మిత్రుని ఇంటి వరండాలో మేము నలుగురం ఏళ్ల తరబడి బ్రిడ్జ్ అనే పేకాట ఆడాం. 2020లో కరోనా వచ్చి ఆ వరండాకు తాళం వేయించింది. ఆ తర్వాత ఒకరు హైదరాబాదులో కూతురి దగ్గరికి, ఇంకొకరు అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్లిపోవడంతో బల్ల చుట్టూ కుర్చీలు నిండలేదు. మిగిలిన ఇద్దరం ఇప్పుడు ఎవరింట్లో వాళ్లం ట్యాబ్ ముందు కూర్చుని, కంప్యూటర్ నడిపే రోబోను జోడీగా పెట్టుకుని ఆడుతున్నాం. ఇలా ఆడుతున్న పెద్దవాళ్లు ఎవరు కలిసినా చెప్పే మాట ఒకటే: ముక్కలు వేయడంలో రోబో బాగానే ఉంటుంది గానీ, వేలంలో మాత్రం మనం చెప్పింది దానికి అర్థం కాదు, అది చెప్పేది మనకు అర్థం కాదు.

ఇది యంత్రం మొద్దుతనమా, మన పొరపాటా అని తేల్చే ముందు ‘అర్థం’ అనే మాట బ్రిడ్జ్ వేలంలో దేన్ని సూచిస్తుందో చూడాలి. చిక్కు అక్కడే ఉంది.

38 మాటల భాష

బ్రిడ్జ్‌లో 52 ముక్కలను నలుగురికి 13 చొప్పున పంచుతారు. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు ఒక జోడీ. నలుగురూ తలా ఒక ముక్క వేస్తే ఒక పట్టు పూర్తవుతుంది, మొత్తం 13 పట్లు. ఆట మొదలయ్యే ముందు వేలం జరుగుతుంది: ఏ జాతిని తురుఫుగా (మిగతా జాతులను కొట్టే జాతిగా) పెట్టుకుని ఎన్ని పట్లు తీయగలరో ఆటగాళ్లు వంతులవారీగా పాడతారు. ‘1 ఇస్పేటు’ అంటే ఇస్పేటు తురుఫుగా ఆరుకు పైన ఒకటి, అంటే 7 పట్లు తీస్తామన్న మాట. జాతుల వరుస కింది నుంచి పైకి కళావరు, డైమను, ఆఠీను, ఇస్పేటు. వీటికి పైన తురుఫే లేని ‘నో ట్రంప్’ ఉంటుంది. ఏడు అంచెలు, ఐదు రకాలు కలిసి 35 పాటలు. పాస్, డబుల్ (ప్రత్యర్థి పాట మీద పందెం పెంచడం), రీడబుల్ (దాన్ని మళ్లీ పెంచడం) కూడా కలిపితే ఆటగాడు పలకగల మాటలు 38.

చేతి బలాన్ని లెక్కించడానికి ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున పాయింట్లు వేస్తారు. పేక మొత్తంలో 40 పాయింట్లు ఉంటాయి. జోడీ ఇద్దరికీ కలిపి సుమారు 25 ఉంటే 3 నో ట్రంప్ గానీ, 4 ఆఠీన్లు, 4 ఇస్పేట్లు గానీ పాడవచ్చు. వాటికి పెద్ద బోనస్ ఉంది. 33 వరకు ఉంటే 12 పట్లు తీసే ఆరో అంచెకు వెళ్లవచ్చు, అక్కడ బోనస్ ఇంకా పెద్దది.

అంటే ఎవరి 13 ముక్కలు వారికి మాత్రమే కనిపించే స్థితిలో, జాతుల పొడవును, బలాన్ని, లోటును ఈ 38 మాటలతోనే ఎదురుగా కూర్చున్న తన జోడీకి తెలియజేయాలి. అన్ని సంగతులకు అన్ని మాటలు లేవు కనుక ఒక్కో మాటకు, అది వచ్చిన సందర్భాన్ని బట్టి, ముందుగా అనుకున్న ప్రత్యేకార్థం ఉంటుంది. ఆ ముందస్తు ఒప్పందాన్నే కన్వెన్షన్ అంటారు.

ఓడరేవు జెండా చెప్పే సంగతి

విశాఖలో ఉన్నవారికి ఇది డాల్ఫిన్స్ నోస్ కొండ కింద నుంచి ఓడరేవులోకి వచ్చే ఓడలను చూస్తే తేలిగ్గా బోధపడుతుంది. అంతర్జాతీయ సంకేతాల పట్టికలో పసుపు, నీలం నిలువు చారల జెండాకు ‘నాకు పైలట్ (ఓడను రేవులోకి నడిపించేవాడు) కావాలి’ అని అర్థం. చేపలు పట్టే చోట దగ్గరదగ్గరగా పనిచేస్తున్న పడవల్లో ఒకటి అదే జెండా ఎగరేస్తే ‘నేను వల లాగుతున్నాను’ అని అర్థం. గుడ్డలో అర్థం లేదు, పట్టికలో ఉంది. పట్టికలోనూ ఏ వరుస చదవాలో ఆ జెండా ఎత్తింది ఎవరన్నదాన్ని బట్టి తెలుస్తుంది. బ్రిడ్జ్ పాట కూడా ఇటువంటిదే. రోబోతో వచ్చే అపార్థాల్లో పెద్ద వాటా, మన చేతిలో ఒక పట్టిక, దాని దగ్గర మరొక పట్టిక ఉండటం వల్ల వచ్చినదే.

మా తరం వాళ్లు చాలామంది చార్లెస్ గోరెన్ ప్రచారం చేసిన పాత పద్ధతిలో నేర్చుకున్నాం. అందులో నాలుగు ముక్కల ఇస్పేటు, ఆఠీనుతో కూడా వేలం మొదలుపెట్టవచ్చు, 1 నో ట్రంప్ అంటే 16 నుంచి 18 పాయింట్లు. బ్రిడ్జ్ బేస్ ఆన్‌లైన్ అనే వెబ్‌సైట్‌లో చాలాకాలంగా ఆడుతున్న రోబోలు ‘టూ ఓవర్ వన్’ పద్ధతిని పాటిస్తాయి. అందులో ఇస్పేటుతో గానీ, ఆఠీనుతో గానీ మొదలుపెడితే కనీసం ఐదు ముక్కలు ఉండాలి, 1 నో ట్రంప్ అంటే 15 నుంచి 17. ఒక్క పాయింటు తేడా, ఒక్క ముక్క తేడా చిన్నవిగానే కనిపిస్తాయి. కానీ వాటి మీద కట్టిన మేడ అంతా పక్కకు జరుగుతుంది.

మూడు చేతులు, మూడు అపార్థాలు

మొదటిది అన్నిటికన్నా సులువైనది. నేను 1 నో ట్రంప్ పాడాను, రోబో 2 ఆఠీన్లు పాడింది. పాత అలవాటు ప్రకారం ‘నా చేతిలో బలం లేదు, ఆఠీన్లు పొడవుగా ఉన్నాయి, ఇక్కడే ఆపు’ అని అర్థం చేసుకుని పాస్ అన్నాను. రోబో దగ్గర ఉన్నవి ఇస్పేటులో రాజు, జాకీ, 9, 7, 4, 2; ఆఠీనులో 6, 3 మాత్రమే. అది పాడింది ట్రాన్స్‌ఫర్ అనే కన్వెన్షన్. అందులో 2 ఆఠీన్లు అంటే ‘నా దగ్గర ఐదో అంతకు మించో ఇస్పేట్లున్నాయి, నువ్వు 2 ఇస్పేట్లు పాడు’ అని. బలమైన చేయి దాగి ఉండి, ప్రత్యర్థి మొదటి ముక్క దానికి ఎదురుగా పడటానికి ఈ ఏర్పాటు చేశారు. ఇద్దరికీ కలిపి తొమ్మిది ఇస్పేట్లు ఉండగా, ఐదే ఆఠీన్లతో ఆఠీను తురుఫుగా ఆడాల్సి వచ్చింది.

రెండోది ఇంకా తరచుగా జరుగుతుంది. రోబో 1 నో ట్రంప్ పాడింది. ఎదురుగా ఉన్న ఆటగాడి చేతిలో ఇస్పేటు రాజు, రాణి, జాకీ, 10, 8, 7, 4. ఒంటరి ఆఠీను 6. డైమను రాజు, రాణి, జాకీ. కళావరు రాజు, 5. మొత్తం 15 పాయింట్లు. రోబో దగ్గర మూడు ఆసులుంటే 6 ఇస్పేట్లు ఆడవచ్చని అనుకుని, ఆసుల లెక్క అడగడానికి 4 నో ట్రంప్ పాడతాడు. రోబో చేతిలో ఇస్పేటు ఆసు, 5, 2. ఆఠీను ఆసు, 9, 7, 4. డైమను ఆసు, 8, 6. కళావరు రాణి, జాకీ, 7. కావలసిన మూడు ఆసులూ ఉన్నాయి. అయినా అది పాస్ అంటుంది.

కారణం ఇది. జోడీ తురుఫు జాతిని ఒప్పుకున్నాక వచ్చే 4 నో ట్రంప్ మాత్రమే ఆసుల ప్రశ్న. నేరుగా 1 నో ట్రంప్ మీద పాడితే అది ‘నీ దగ్గర 17 ఉంటే ఆరుకు వెళ్లు, 15 ఉంటే ఆగు’ అనే ఆహ్వానం. రోబో దగ్గర 15 ఉన్నాయి, కనుక ఆగింది. ఆ స్థానంలో ఆసులు అడగాలంటే 4 కళావర్లు పాడాలి. ఆఠీను ముక్కతో ఆట మొదలైతే 4 నో ట్రంప్‌లో 11 పట్లు వచ్చి 460 దక్కుతాయి. 6 ఇస్పేట్లు పాడి ఉంటే ఒక్క కళావరు ఆసు మాత్రమే పోయి 12 పట్లు, 980 వచ్చేవి. ఈ అంకెలు వల్నరబుల్ కాని స్థితివి. వల్నరబుల్ అంటే బోనస్‌లూ జరిమానాలూ పెరిగే స్థితి. ఇక్కడ తప్పు యంత్రానిది అనడానికి ఏ ఆధారమూ లేదు, నియమాలు తెలిసిన మనిషి కూడా అక్కడ పాసే అంటాడు.

మూడోదాన్ని కొంచెం విస్తరించి చెప్పాలి, ఎందుకంటే ఇందులో న్యాయం రెండు వైపులా ఉంది. రోబో 1 ఇస్పేటు పాడింది. కుడిపక్క ప్రత్యర్థి 2 డైమన్లు పాడాడు. నా చేతిలో ఇస్పేటు 6. ఆఠీను ఆసు, 7, 3. డైమను రాజు, జాకీ, 10, 8, 5. కళావరు రాణి, 9, 4, 2. అవతలివాడు చెప్పిన జాతిలోనే నాకు ఐదు మంచి ముక్కలున్నాయి. వరండా రోజుల్లో అయితే గొంతు సవరించుకుని ‘డబుల్’ అనేవాడిని, దానికి ‘వీణ్ని ఇక్కడే ఓడిద్దాం’ అని అర్థం. రోబోతోనూ అలాగే డబుల్ అన్నాను. అది 2 ఆఠీన్లు పాడింది. దాని చేతిలో ఉన్నవి ఐదు ఇస్పేట్లు, నాలుగు ఆఠీన్లు, ఒక డైమను, మూడు కళావర్లు.

ఆధునిక పద్ధతుల్లో ఆ స్థానంలోని డబుల్‌కు ‘పాడని జాతుల్లో, ముఖ్యంగా ఆఠీనులో, నాకు పొడవుంది, నువ్వు ఎంచుకో’ అని అర్థం. దీన్ని నెగెటివ్ డబుల్ అంటారు. ఆల్విన్ రాత్ అనే అమెరికన్ ఆటగాడు 1957లో దీన్ని ప్రవేశపెట్టాడు. సోవియట్ ఉపగ్రహం అంతరిక్షంలోకి వెళ్లింది కూడా ఆ ఏడే కావడంతో, కొన్ని దేశాల్లో దీనికి ‘స్పుత్నిక్ డబుల్’ అనే పేరు స్థిరపడింది. దీని వెనుక ఉన్న తర్కం బలమైనది. ప్రత్యర్థిని శిక్షించే చేయి అరుదుగా వస్తుంది, మిగిలిన జాతులు చూపాల్సిన చేయి తరచుగా వస్తుంది, కాబట్టి విలువైన ఆ మాటను తరచుగా వచ్చే అవసరానికి ఇచ్చారు.

మరి శిక్షించే చేయి వస్తే? పాస్ అని కాచుకోవాలి. వంతు తిరిగి జోడీకి వచ్చినప్పుడు, తన దగ్గర డైమన్లు తక్కువగా ఉన్నాయి కనుక అతను డబుల్ అంటాడని ఆశించాలి, అప్పుడు మళ్లీ పాస్ అనాలి. వల్నరబుల్ కాని ప్రత్యర్థి అలా డబుల్‌లో మూడు పట్లు తగ్గితే మనకు 500 వస్తాయి. ఆ ఆశ నెరవేరుతుందా అన్నది జోడీ మీద నమ్మకానికి సంబంధించిన ప్రశ్న. మనిషి జోడీ అయితే ఆ పాస్ ఎందుకు వచ్చిందో కొంత ఊహిస్తాడని ధైర్యం ఉంటుంది. రోబో విషయంలో మొదట్లో నాకు ఆ ధైర్యం రాలేదు, అందుకే పాత డబుల్‌ను చాలాకాలం వదలలేకపోయాను.

యంత్రం చేసే ఊహ ఎలాంటిది

పట్టికలు ఒక్కటయ్యాక కూడా కొన్ని అపార్థాలు మిగులుతాయి. అవి యంత్రం ఆలోచించే తీరు నుంచి వస్తాయి.

ఈ తరహా రోబోలలో బాగా తెలిసినది జిబ్. దాన్ని 1990లలో మాథ్యూ గిన్స్‌బర్గ్ రూపొందించాడు. దాని పనిలో రెండు భాగాలున్నాయి. ఒకటి నియమాల కోశం: ఫలానా వరుసలో ఫలానా పాటకు ఇంత పొడవు, ఇంత బలం అని రాసి పెట్టినది. రెండోది ఊహా పంపకాలు. మన 13 ముక్కలు తెలిశాక మిగిలిన 39 ముక్కలు మిగతా ముగ్గురికి పంచడానికి ఉన్న మార్గాల సంఖ్య, సుమారుగా, 84 పక్కన 15 సున్నాలు. అన్నీ చూడటం అసాధ్యం. అందుకని ఇప్పటివరకు పాడిన పాటల వివరణకు సరిపోయే కొన్ని పంపకాలను యంత్రం తయారుచేసుకుంటుంది. ఒక్కోదానిలో నాలుగు చేతులూ తెరిచి పెట్టినట్టుగా ఆడి చూసి, ఏ పాటకు సగటున మంచి ఫలితం వచ్చిందో దాన్ని ఎంచుకుంటుంది.

ఇందులో రెండు పర్యవసానాలున్నాయి. ముక్కలన్నీ కనిపిస్తున్నట్టు ఆడి చూస్తుంది కాబట్టి, బల్ల దగ్గర సందిగ్ధంలో పడే చోట కూడా అది ఎప్పుడూ సరిగ్గానే ఊహించినట్టు లెక్క వేసుకుంటుంది. జోడీని అడిగి తెలుసుకునే పాటకు విలువ తక్కువగా కడుతుంది. తెరిచిన చేతుల లోకంలో అడగవలసింది ఏమీ ఉండదు కదా.

రెండోది మనకు ఎక్కువ నొప్పి కలిగించేది. ఒక ఆటలో ఎడమపక్క ప్రత్యర్థి 1 కళావరు పాడాడు, రోబో, కుడిపక్క ప్రత్యర్థి పాస్ అన్నారు. నా చేతిలో ఇస్పేటు ఆసు, రాజు, రాణి, 5. ఆఠీను 8, 4, 2. డైమను జాకీ, 7, 3. కళావరు 9, 6, 4. ఇలాంటి పాటకు ఐదు ముక్కలుండాలని నియమం. అయినా ముక్కలు బలమైనవని నాలుగుతోనే 1 ఇస్పేటు పాడాను. మూడు ఇస్పేట్లున్న రోబో 2 అంది. ప్రత్యర్థులు 3 కళావర్లకు వెళితే అది 3 ఇస్పేట్లకు ఎగబాకింది. వాళ్లు డబుల్ అన్నారు. రెండు పట్లు తగ్గి 300 పోయాయి. 3 కళావర్లు ఆడనిచ్చి ఉంటే, వాళ్లు సరిగ్గా 9 పట్లు తీసినా పోయేవి 110.

రోబో తయారుచేసుకున్న ప్రతి పంపకంలోనూ నా దగ్గర ఐదు గానీ ఆరు గానీ ఇస్పేట్లున్నాయి. నా అసలు చేయి వాటిలో ఒక్కదానిలోనూ లేదు. నేను చిన్న అబద్ధం అనుకున్నది దానికి లోకమంతా మారిపోయిన అబద్ధం.

మనిషి జోడీకి ఎలా అర్థమయ్యేది

హైదరాబాదు వెళ్లిన మా మిత్రుడైతే అక్కడ 3 ఇస్పేట్లు పాడేవాడు కాదు. ముక్కలు బాగుంటే నాలుగుతోనే పాడే నా అలవాటు ఆయనకు తెలుసు. ఫోనులో ఈ ఆట చెబితే ఆయన మొదటి మాట, ‘నాలుగే కదా ఉన్నాయి?’ అని. ఆ క్షణంలో నాకు ఆ వరండా ఎంత గుర్తొచ్చిందో చెప్పలేను.

కానీ న్యాయంగా చూస్తే ఈ అవగాహనకూ హద్దులున్నాయి. జోడీ మధ్య ఒప్పందాలు ప్రత్యర్థులకు తెలియాలన్నది బ్రిడ్జ్ నియమావళిలో పునాది సూత్రం. నోటితో అనుకున్నవే కాదు, కలిసి ఆడగా ఆడగా ఏర్పడిన అవగాహన కూడా ఒప్పందమే. మా మిత్రుడికి నా అలవాటు తెలిస్తే, అడిగిన ప్రత్యర్థికి అది చెప్పవలసిన బాధ్యత ఉంది. జోడీ పాడే ముందు ఎంతసేపు ఆలోచించాడు, ఎంత గట్టిగా పలికాడు అన్నదాని నుంచి అర్థం తీయడం నియమాల ప్రకారం అసలే కూడదు. నేను డబుల్‌కు ముందు గొంతు సవరించుకునేవాడినని పైన రాశాను. మా బల్ల దగ్గర అది స్నేహంగా చెల్లిపోయింది గానీ, పోటీలో అది దోషం. మనుషుల మధ్య సాఫీగా సాగిన వేలంలో ఎంత భాగం పాటల వల్ల, ఎంత భాగం ఇలాంటి వాటి వల్ల సాగిందో రోబోతో ఆడేదాకా నేను విడదీసి చూడలేదు.

దీనికి ఎదురు వైపున మరో సంగతి ఉంది. 1997 నుంచి జరుగుతున్న ప్రపంచ కంప్యూటర్ బ్రిడ్జ్ పోటీల్లో జోడీలోని రెండు చేతులనూ ఒకే ప్రోగ్రాం ఆడుతుంది. అక్కడ రెండు పట్టికలు లేవు కాబట్టి ఈ వ్యాసంలో చెప్పిన మొదటి రకం అపార్థానికి చోటే లేదు. మనిషీ యంత్రమూ కలిసి కూర్చున్నప్పుడే అది పుడుతుంది.

నియమం లేని చోటు, వివరణ చూపే పెట్టె

బ్రిడ్జ్‌లో సాధ్యమయ్యే వేలం వరుసల సంఖ్య 1 పక్కన 47 సున్నాలు పెట్టిన సంఖ్యను మించుతుంది. ఎన్ని వేల నియమాలు రాసినా ఖాళీలు మిగులుతాయి. ప్రత్యర్థులు మధ్యలో దూరి రెండు మూడుసార్లు పాడిన వేలాల్లో ఇవి ఎక్కువ. మనిషి అక్కడ పోలికను బట్టి, జోడీ స్వభావాన్ని బట్టి ఏదో ఒకటి అనుకుంటాడు. నియమాల యంత్రం దగ్గరగా ఉన్న సాధారణ నియమానికి పడిపోతుంది, ఒక్కోసారి ఆ నియమం సందర్భానికి పొసగదు.

పాట మీద వేలు పెడితే దాని వివరణ చూపే ఏర్పాటు ఆన్‌లైన్ ఆటలో ఉంది. పాడబోయే ముందే మన పాటను రోబో ఎలా చదువుతుందో చూసుకోవచ్చు. బల్ల దగ్గర జోడీని ‘నీ పాటకు అర్థమేమిటి’ అని అడగడం నిషిద్ధం, వివరణ కోరే హక్కు ప్రత్యర్థులదే. కాబట్టి ఇది రోబో ఆటలో మాత్రమే దొరికే వెసులుబాటు. పైన చెప్పిన మూడు చేతులూ ఆ పెట్టె చూసి ఉంటే తప్పేవి. అయితే అది చూపేది నియమం మాటను. ఊహా పంపకాల లెక్క వేరే దారి చూపినప్పుడు, రోబో చేతిలోని ముక్కలు ఆ వివరణకు ఒక పాయింటో ఒక ముక్కో అటూ ఇటూగా ఉండవచ్చు.

ఎవరు సర్దుకోవాలన్న వాదన

ఒక పక్షం ఆటగాళ్లు, యంత్రం భాష నేర్చుకోవడమే మార్గమంటారు. రోబో మనకు నిజాయితీగా పాడటం నేర్పుతుందని, లేని ముక్కలు ఉన్నట్టు చెప్పే అలవాటును వదిలిస్తుందని వారి మాట. నాలుగు ఇస్పేట్ల ఆట తర్వాత నేను దీన్ని కాదనలేను.

రెండో పక్షం, ఇలా ఆడితే జోడీ అనే భావనే పలచబడుతుందంటారు. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ మన దేశానికి స్వర్ణం తెచ్చింది పురుషుల జోడీల విభాగంలో. ఇద్దరు మనుషులు కలిసి అర్థాలను నిర్మించుకోవడమే ఆ విభాగానికి ప్రాణమని వారు గుర్తుచేస్తారు. రోబో బలహీనతలను కనిపెట్టి వాటి మీద పాయింట్లు సంపాదించడం వేరే ఆట అవుతుందన్న వారి భయంలోనూ బలముంది.

యంత్రమే మన పద్ధతికి రావాలన్న మూడో మాట సాంకేతికంగా అసాధ్యమేమీ కాదు. కంప్యూటర్‌లో వేసుకునే కొన్ని ప్రోగ్రాములు ఏ కన్వెన్షన్లు ఆడాలో ఎంచుకోనిస్తాయి. కానీ వేలమంది ఒకే పంపకాన్ని ఆడి ఫలితాలు పోల్చుకునే ఆన్‌లైన్ పోటీలో అందరికీ ఒకే తీరు జోడీ ఉంటేనే పోలిక న్యాయంగా ఉంటుంది. నా మొగ్గు రెండో పక్షం వైపు ఉన్నా, ఈ అభ్యంతరానికి జవాబు నాకు కనబడలేదు.

నేర్చుకునే యంత్రాలు తెచ్చే కొత్త చిక్కు

2022 మార్చిలో పారిస్‌లో నూక్ అనే ప్రోగ్రాం ఎనిమిది మంది ప్రపంచ ఛాంపియన్లకన్నా మెరుగ్గా ఆడిందని వార్తలు వచ్చినప్పుడు, బ్రిడ్జ్ కూడా యంత్రాల పరమైందని చాలామంది అనుకున్నారు. ఆ పరీక్షలో వేలం లేదు. ముందే నిర్ణయించిన 3 నో ట్రంప్ ఆటను ముక్కలు వేసి నెగ్గడమే అక్కడ కొలమానం.

వేలం కోసం ఇప్పుడు నాడీజాలాల (న్యూరల్ నెట్‌వర్క్) తరహా ప్రోగ్రాములు వస్తున్నాయి. ఇవి రాసిపెట్టిన నియమాలు చదవవు. లక్షల ఆటల్లోని పాటలను చూసి, ఎటువంటి చేతితో ఎటువంటి పాట వస్తుందో పట్టుకుంటాయి. ఖాళీల బాధ వీటికి తక్కువ, ఎన్నడూ చూడని వరుసలో కూడా మనిషికి దగ్గరగా పాడగలవు. కానీ ప్రత్యర్థి ‘ఆ పాటకు అర్థమేమిటి’ అని అడిగితే చూపడానికి వీటి దగ్గర పట్టికలో వరుస లేదు. అలా పాడే అవకాశమున్న చేతులను కొన్నిటిని తయారుచేసి, వాటిలో ఇస్పేట్లు ఎన్ని నుంచి ఎన్ని వరకు వచ్చాయి, పాయింట్లు ఎంత నుంచి ఎంత వరకు ఉన్నాయి అని లెక్కగట్టి చెప్పవచ్చు. పూర్తి వివరణ ప్రత్యర్థి హక్కు అని చెప్పే నియమావళి ముందు, ఆ లెక్కను జవాబుగా అంగీకరించాలా వద్దా అన్నది ఇక పోటీలు నడిపేవారు తేల్చవలసిన ప్రశ్న.